ఎంతమంది వస్తారండీ

మా చెల్లెలి పెళ్ళిలో ప్లాస్టిక్ గ్లాసు ఒక్కటి కూడా కంటబడకూడదని నేను పట్టుబట్టడానికి కారణం, అంతకు ముందు ఏడాది గుడివాడలో చూసిన ఒక పెళ్ళి. మా స్కూల్లో తెలుగు చెప్పే మేడమ్‌గారి కూతురిది. భోజనాలయ్యాక ఫంక్షన్ హాలు వెనక్కి చెయ్యి కడుక్కోవడానికి వెళ్తే, అక్కడున్న పంటబోదెలో నీళ్ళు కనిపించలేదు. తెల్ల గ్లాసులు, పూత వేసిన కాగితం ప్లేట్లు, ఒక్క కొరుకు కొరికి వదిలేసిన జాంగ్రీలు, ముద్దలు ముద్దలుగా పులిహోర. ఒక గేదె థర్మోకోల్ హంస మెడ నముల్తూ నిలబడింది. గంట క్రితం ఆ హంస పక్కనే నిలబడి పెళ్ళికొడుకు ఫోటో దిగాడు. గేదెని అదిలించాను. అది నావైపు ఓసారి చూసి, మెడ వదిలేసి రెక్క అందుకుంది.

నేను బందరులో హైస్కూలు సైన్సు టీచర్ని. పాఠం చెప్పే జబ్బు బడిగంట కొట్టినంత మాత్రాన తగ్గదు. ఆ రోజు తిరుగు రైల్లో కూర్చుని, మా ఇంట్లో జరగబోయే ఒకే ఒక్క పెళ్ళి ఎలా జరగాలో నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. ఒకే ఒక్కటి అని ఎందుకంటున్నానంటే, నాది జరిగే సూచనలు అప్పటికే లేవు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు అమ్మ పోయింది. చెల్లెలికి తొమ్మిది. దాని చదువు అయ్యాక నా సంగతి చూద్దామనుకుంటూ ఉంటే, చూసేవాళ్ళే లేకుండా పోయారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. రోజులు అలా గడిచిపోయాయి, అంతే.

చెల్లెలు అప్పటికి విజయవాడలో కంప్యూటర్ పాఠాలు చెప్పే చోట పనిచేస్తోంది. హాస్టల్లో ఉండేది. శనివారం సాయంత్రం బందరు వచ్చి సోమవారం తెల్లవారుజామున మొదటి బస్సుకి వెళ్ళిపోయేది. గుడివాడలో విత్తనాల కొట్టు ఉన్నవాళ్ళ అబ్బాయిని అదే చూసుకుంది, అదే వచ్చి నాకు చెప్పింది. అబ్బాయి మంచివాడు. వాళ్ళ నాన్నగారు నాతో, "పెళ్ళి ఎలా చేసినా మాకు అభ్యంతరం లేదమ్మా, మీరు ఒక్కరే చేసుకోవాలిగా" అన్నారు. ఆ ఒక్కరే అన్నమాట దగ్గర ఆయన గొంతు కాస్త తగ్గింది. జాలి నాకు గిట్టదు. ఒక్కదాన్నే చేసి చూపిస్తాను, అదీ ఎవరూ చేయనట్టు చేసి చూపిస్తాను అనుకున్నాను.

పెళ్ళి మా ఊళ్ళోనే పెట్టుకున్నాం. అవనిగడ్డ దాటి ఇంకా దక్షిణానికి, కృష్ణ సముద్రంలో కలిసే వైపు ఉంటుంది మా ఊరు. అమ్మా నాన్నల ఇల్లు మేనమామ వరసయ్యే ఒకాయన కొనుక్కున్నాడు గానీ, దాని పక్కన ఖాళీ దొడ్డి ఇంకా మాదే. అక్కడ తాటాకు పందిరి. ముహూర్తం పగలు పెట్టించాను, లైట్లు, జనరేటరు అక్కర్లేకుండా. థర్మోకోల్ బదులు అరటి పిలకలు, మామిడి తోరణాలు, బంతిపూలు. భోజనాలకి ఏటి మధ్య లంకల్లోంచి అరిటాకులు. మంచినీళ్ళకి రామాలయంలో ఊరందరికీ పనికొచ్చేలా ఉంచిన స్టీలు గ్లాసులు. మెరుపు కాగితం శుభలేఖలు వద్దని, దూరపు వాళ్ళకి పోస్టు కార్డులు నేనే రాసి నాలుగు మూలలా పసుపు పూశాను.

శనివారం రాగానే చెల్లెలికి ఇదంతా చదివి వినిపించేదాన్ని. అది తల ఆరబెట్టుకుంటూ వినేది. "నీ ఇష్టం అక్కా" అనేది. ఒకసారి మాత్రం, "సాయంత్రం ముహూర్తం పెట్టుకుంటే కాస్త లైటింగు పెట్టుకోవచ్చు కదా, ఫోటోల్లో బావుంటుంది" అంది. దానికి నేను జనరేటరు తాగే డీజిలు గురించి, అది వదిలే పొగ గురించి పావుగంట చెప్పాను. అంతా విని, "సరేలే, నీ ఇష్టం" అంది. ఆ మాట ఎన్నిసార్లు అందో నేను లెక్కపెట్టుకుని ఉండాల్సింది. లెక్కలంటే అంత ఇష్టపడే మనిషిని, అదొక్కటి లెక్కపెట్టలేదు.

మిగతా రోజుల్లో ఇంట్లో నేను, నోటుపుస్తకం. స్కూలు నుంచి వచ్చి టీ పెట్టుకుని పుస్తకం తెరిస్తే పొద్దు పోయేది. అప్పటిదాకా ఆ ఇంట్లో సాయంత్రాలు ఎలా గడిపానో నాకే గుర్తు రాలేదు. రాయాల్సిందంతా అయిపోతే కొత్తగా ఇంకేదో కల్పించుకుని రాసేదాన్ని. చేతులు కడుక్కునే చోట నీళ్ళు అరటి మొక్కలకి ఎటు పారాలో బొమ్మ గీశాను. నిజం చెప్పాలంటే, పనులు అయిపోతాయేమోనని భయంగా ఉండేది. అవి అయిపోతే పెళ్ళి అయిపోతుంది. పెళ్ళి అయిపోతే శనివారం బస్సు దిగి వచ్చేవాళ్ళు ఉండరు. చెల్లెలు నన్ను వదిలి వెళ్ళేలోపు, జీవితమంతా గుర్తుంచుకునే పని ఒకటి నా చేతుల మీదుగా చేసిపెట్టాలని నా తాపత్రయం. పెళ్ళికొచ్చిన ప్రతివాళ్ళూ దానితో, "మీ అక్క ఎంత బాగా చేసిందే" అనాలి. నాకు కావలసింది అదే. గేదెలూ బోదెలూ దాని తర్వాతే.

తాంబూలాలు పెట్టి ఇవ్వడానికి ప్లాస్టిక్ కవర్లు వద్దనుకుని గుడ్డ సంచుల కోసం పెడన వెళ్ళాను. కలంకారీ అచ్చులు వేసే షెడ్డులో, పొడుగాటి బల్లల కింద అచ్చు జరిగిపోయిన ముక్కలు కుప్పగా పడున్నాయి. నెమలి తల ఒకచోట, తోక ఇంకోచోట.

"ఇవేం చేస్తారండీ?" అని అడిగాను.

"బల్లలు తుడుస్తామమ్మా. మంచి గుడ్డ ఇస్తాను కదా, పెళ్ళికి ఈ ముక్కలేంటి?" అన్నాడు అచ్చులు వేసే పెద్దాయన.

"ఇవే కావాలండీ."

ఆయన నావైపు విచిత్రంగా చూసి, ముక్కలు మూట కట్టిస్తూ, "అయ్యగారేం చేస్తుంటారమ్మా?" అన్నాడు. "బందరులో ఉంటామండీ" అన్నాను. ఉంటామని ఎందుకన్నానో, ఉండేది ఒక్కదాన్నే. బస్సులో ఆ మూట ఒళ్ళో పెట్టుకుని, ఆ అబద్ధం గురించే ఆలోచిస్తూ ఇంటికొచ్చాను.

ఇక మిగిలింది అన్నం. గుడివాడ బోదెలో నన్ను అన్నిటికంటే బాధపెట్టింది పులిహోరే. గ్లాసుల బదులు స్టీలు పెట్టొచ్చు, అన్నానికి బదులేముంది? లెక్కగా వండించడమే దారి. వచ్చేవాళ్ళెంతమందో ముందే తెలిస్తే అంతే వండొచ్చు. లెక్క తప్పితే ఏముంది, ఓ పదిమందికి ఎక్కువ వేసుకోవచ్చు. చల్లపల్లి నుంచి మాట్లాడుకున్న వంటాయనతో ఇదే చెప్పాను.

"ఎవరు ఎంతమంది వస్తారో నేను రాసిస్తానండీ. అంతకే వండండి."

ఆయన తలపాగా తీసి మళ్ళీ కట్టుకున్నాడు. "రాసిస్తారా? పెళ్ళికొచ్చేవాళ్ళని రాస్తారా అమ్మగారూ?"

"రాస్తేనేం?"

"నలభై ఏళ్ళ బట్టీ వండుతున్నాను. ఊరు మొహం చూసి ఎసరు పెడతాం గానీ, కాగితం చూసి ఎప్పుడూ పెట్టలేదు" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

పెళ్ళికి పదిహేను రోజుల ముందు పామిడిముక్కల నుంచి మా పిన్ని వచ్చింది. అమ్మకి స్వయానా చెల్లెలు. బొట్టు పెట్టి పిలవాల్సింది ముత్తైదువలు కాబట్టి ఆవిడ లేకుండా పిలుపులు సాగవు. కుంకుమ భరిణె పిన్ని చేతిలో, నోటుపుస్తకం నా చేతిలో, ఇద్దరం మా ఊరు వెళ్ళి వీధి మొదటి నుంచి బయల్దేరాం.

మొదటి ఇల్లు మా పాత ఇంటికి ఎదురింటి మామ్మగారిది. పిన్ని ఆవిడకి బొట్టు పెట్టి, "పై బుధవారం మా అమ్మాయి పెళ్ళి అత్తయ్యగారూ. ఆ పూట మీ ఇంట పొయ్యి వెలిగించొద్దు. ఇంటిల్లిపాదీ మా పందిట్లోనే" అంది. మా వైపు పిలుపు అంటే అదే. పెళ్ళి కబురు సగం, పొయ్యి వెలిగించొద్దనడం సగం. మామ్మగారి మొహం విప్పారింది.

"ఎంతమంది వస్తారండీ?" అన్నాను నేను.

"ఎంతమంది ఏమిటే?"

"అదే, భోజనానికి. అన్నం వృథా కాకుండా..."

"ఉన్నవాళ్ళం వస్తాం."

"ఉన్నవాళ్ళు ఎంతమందండీ?"

ఆవిడ ఓ క్షణం పిన్నివైపు చూసింది. తర్వాత వేళ్ళు మడిచి, "ఆరుగురం" అంది. ఆరు అని రాసుకున్నాను. నా పెన్ను కదలడం ఆవిడ చూస్తూ నిలబడింది.

రెండో ఇంట్లో పెద్దాయన వాలుకుర్చీలో కూర్చుని ఉన్నాడు. "ఏడుగురం. నేను తప్ప అందరూ రెండేసి గరిటెలు తింటారు. నాకు ఒకటిన్నర. రాసుకో" అన్నాడు. ఆయన వేళాకోళం చేస్తున్నాడనుకుని నవ్వేశాను. ఆయన కోడలు లోపలికి వెళ్ళిపోయింది. నాలుగో ఇంటి ఇల్లాలు, "మేమా? చూస్తాంలే, పిల్లలకి పరీక్షలు" అంది. వేసవి సెలవుల్లో పరీక్షలేమిటని నాకు తట్టలేదు. ప్రశ్నార్థకం వేసుకుని రాసుకున్నాను.

వీధి మలుపులో మునగచెట్టు కింద పిన్ని నా రెక్క పట్టుకుని ఆపింది.

"ఒసేయ్, అన్నం లెక్క అడగొద్దే. పిలిచి లెక్క అడిగితే రావొద్దన్నట్టేనే."

"నేనంత మాట ఏమన్నాను పిన్నీ? ఎంతమంది అనేగా అడిగాను."

"అదేనే. అదే అడక్కూడనిది. ఆ పుస్తకం ఇలా ఇవ్వు."

"ఇవ్వను."

పిన్ని భరిణె మూత తీసి తర్వాతి ఇంటివైపు నడిచింది. ఆవిడ బొట్టు పెట్టింది, నేను రాసుకున్నాను. సాయంత్రానికి రెండు వీధులూ పూర్తయ్యాయి. అంతటితో ఊరుకున్నా బాగుండేదేమో. వారం తర్వాత ప్రశ్నార్థకాలు తేల్చుకోవడానికి మళ్ళీ ఒక్కదాన్నే బయల్దేరాను. "ఆరుగురు ఖాయమేనా? మార్పేమైనా ఉందాండీ?" అని గుమ్మాల్లో నిలబడి అడిగాను. అందరూ చాలా మర్యాదగా ఖాయమనే చెప్పారు. ఒక్కళ్ళు కూడా లోపలికి రమ్మనలేదన్నది నేను ఆ రోజు గమనించలేదు. నా పుస్తకం నిండింది, నాకు అదే చాలు.

పెళ్ళినాడు పందిరి చూస్తే నాకే ముచ్చటేసింది. తాటాకుల సందుల్లోంచి ఎండ చిన్న చిన్న ముక్కలుగా పడుతోంది. ఎక్కడ చూసినా పచ్చన, పసుపు. వీడియో అతను లైటు వేయబోతే అక్కర్లేదన్నాను. చెల్లెలు లేత ఆకుపచ్చ చీరలో వచ్చి పీటల మీద కూర్చుంటే, అమ్మ ఉంటే బావుండుననిపించి స్తంభం చాటుకి వెళ్ళాను. ఆ పూట నేను ఏడ్చింది ఆ ఒక్కసారే. తర్వాత జరిగిన దానికి ఏడుపు రాలేదు.

ఊరంతా వచ్చింది. మామ్మగారింటి ఆరుగురూ, గరిటెల పెద్దాయన ఇంటి ఏడుగురూ, పరీక్షల ఇంటివాళ్ళూ, అందరూ మడతలు విప్పిన పట్టుబట్టల్లో వచ్చారు. నేను మనసులో పుస్తకం తిరగేస్తూ ఒక్కొక్క ఇంటికీ టిక్కు పెట్టుకున్నాను. లెక్క ఇంచుమించు సరిపోయింది. వంటాయన వైపు చూసి చెయ్యి ఊపాను కూడా. ముహూర్తం అయింది, తలంబ్రాలు అయ్యాయి. అందరూ వరసగా వచ్చి అక్షింతలు వేసి, చెల్లెల్ని దీవించారు. మామ్మగారు దాని గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంది.

మొదటి బంతి గుడివాడ వాళ్ళకి, తిని తిరుగు బస్సు అందుకోవాల్సిన దూరపు వాళ్ళకి. గుడివాడ నుంచే బస్సెడు జనం. ఆకుల ముందు కూర్చుని, గ్లాసులు చూసి, పెళ్ళికొడుకు నాన్నగారు, "ఎన్నేళ్ళయిందమ్మా ఇలా తిని" అన్నారు. నాకు ఆకాశం అందినట్టయింది. వాళ్ళు లేచాక రెండో బంతికి ఆకులు వేయించాను. దొడ్డి ఈ చివర నుంచి ఆ చివరికి నాలుగు వరసలు. ఆకుల మీద నీళ్ళు చల్లారు, ఉప్పు పెట్టారు, గ్లాసుల్లో నీళ్ళు పోశారు. నేనే పందిట్లోకి వెళ్ళి, "భోజనాలకి లేవండి" అన్నాను.

అందరూ లేచారు. లేచి, వీధి గుమ్మం వైపు నడిచారు.

"వస్తాం అమ్మాయ్, పశువులకి నీళ్ళు పెట్టాలి." "పొద్దున టిఫిను ఎక్కువైందమ్మా." "నాకు గ్యాసుకి మాత్రలేశారు, తినకూడదన్నారు." ఒక్కొక్కరూ ఒక్కొక్క మాట. ఒక్కరి గొంతులోనూ కోపం లేదు. గుమ్మం దగ్గర పెడన సంచుల్లో తాంబూలం తీసుకున్నారు, సంచి బావుందన్నారు. గరిటెల పెద్దాయన నా పక్కనుంచి వెళ్తూ, "చెల్లెలి పెళ్ళి బాగా చేశావమ్మా" అన్నాడు. నేను ఎదురుచూసిన మాట అదే. పావుగంటలో పందిట్లో గుడివాడ వాళ్ళు, వంటవాళ్ళు, పిన్ని, నేను మిగిలాం. నాలుగు వరసల ఆకుల ముందు ఒక్కరూ లేరు.

పిన్ని నా మొహం చూడకుండా, "వెళ్ళి మామ్మగారిని అడుగు" అంది.

వీధిలోకి వెళ్ళాను. నడి మధ్యాహ్నం. ఏ ఇంటి ముందు నుంచి వెళ్ళినా లోపల కుక్కరు కూత. పోపు వాసన. ఆ పూట వెలిగించొద్దని మేం బొట్టు పెట్టి మరీ చెప్పిన పొయ్యిలన్నీ వెలిగాయి. మామ్మగారు పట్టుచీర మార్చుకోకుండానే కత్తిపీట ముందు కూర్చుని దోసకాయ తరుగుతోంది.

"మామ్మగారూ, భోజనం చెయ్యకుండా వచ్చేశారేంటండీ?"

"రావడం మానేశామా తల్లీ? నీ చెల్లెలికి అక్షింతలు వేశాం. దాన్ని చల్లగా ఉండమన్నాం. దానికి లోటు చెయ్యలేదుగా."

"మరి భోజనం?"

"ముద్ద దిగదే అమ్మాయ్." కత్తిపీట మీంచి చెయ్యి తీసింది. "మీ అమ్మ పోయినప్పుడు నెల్లాళ్ళు మీ ఇద్దరికీ ఏ ఇంటి నుంచి ఏ పూట కంచాలొచ్చాయో నీకు గుర్తుందా? ఎన్ని ముద్దలు తింటావని ఒక్కరైనా అడిగామా?"

గుర్తుంది. గరిటెల పెద్దాయన భార్య, అప్పటికి బతికి ఉండేది, చెల్లెలికి గోరుముద్దలు పెట్టేది. ఒకరోజు మూడిళ్ళ నుంచి మూడు కంచాలొస్తే, అన్నం మిగిలిపోయిందని నేనే కుక్కలకి వేశాను. అప్పుడది వృథా అని నాకు తోచలేదు.

"తప్పయిపోయిందండీ. ఇప్పుడు రండి. నేనే వడ్డిస్తాను" అన్నాను.

"వస్తాంలే ఎప్పుడైనా. ఇప్పుడు పొయ్యి వెలిగించేసుకున్నాం" అంది మామ్మగారు. చాలా మెత్తగా అంది. దాని మీద ఇంకేం బతిమాలతాం?

తిరిగి వచ్చేసరికి చెల్లెలు పందిరి చివర నిలబడి ఉంది. కొంగుముడి అలాగే ఉంది కాబట్టి పెళ్ళికొడుకు కూడా దాని వెనకే నిలబడ్డాడు. ఇద్దరూ ఖాళీ ఆకుల వరసల వైపు చూస్తున్నారు. పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ బంతిలో కూర్చుంటే ఊరి ఆడవాళ్ళు చుట్టూ చేరి, ఒకరికొకరు తినిపించుకోమని ఆటపట్టించడం మా వైపు మామూలు. దానికోసం చెల్లెలు చిన్నప్పటి నుంచి ఎదురుచూసి ఉంటుంది. ఎన్ని పెళ్ళిళ్ళలో ఆ గుంపులోకి దూరి చూసిందో నాకు తెలుసు.

"మనవాళ్ళేరక్కా?"

"పనులున్నాయని వెళ్ళారే."

"అందరికీనా?"

పిన్ని చెప్పేసింది. పుస్తకం సంగతి, రెండోసారి వెళ్ళి అడిగిన సంగతి. పిన్ని చెబుతున్నంతసేపూ చెల్లెలు నా వైపు చూడలేదు. మొత్తం విని, "ఇది నా పెళ్ళి అక్కా. నీ క్లాసు కాదు" అంది. అంతే అంది. నాలుగు నెలలుగా నీ ఇష్టం, నీ ఇష్టం అన్న పిల్ల. తర్వాత వెళ్ళి ఆ నాలుగు వరసల్లో మొదటి ఆకు ముందు కూర్చుంది. పక్కన అతనూ కూర్చున్నాడు. నేను వడ్డించాను. ఇద్దరూ తలొంచుకుని, చప్పుడు లేకుండా తిన్నారు. గుడివాడ వాళ్ళలో ఎవరో ఇద్దరు నవ్వించబోయారు గానీ నవ్వు పుట్టలేదు.

సాయంత్రం అప్పగింతలు అయ్యాయి. పాలలో ముంచిన దాని చేతులు తీసి అత్తవారి చేతుల్లో పెట్టాను. మా వైపు నిలబడింది పిన్ని, నేను. బస్సు కదిలేటప్పుడు చెల్లెలు ఏడ్చింది, నేను చెయ్యి ఊపాను.

మిగిలిన అన్నం కొంత రొయ్యల చెరువుల దగ్గర పనిచేసేవాళ్ళు వచ్చి పట్టికెళ్ళారు. సాంబారు అప్పటికే పులిసింది. మిగతాదంతా దొడ్డి వెనక గొయ్యి తీయించి పోయించాను. గుడివాడ బోదెలో చూసిన దానికంటే ఎక్కువే ఉంటుంది. అందులో ప్లాస్టిక్ ముక్క ఒక్కటి లేదు. అంతా అన్నం, ఆకులు. వంటాయన గుండిగలు బోర్లించుకుంటూ, "మీరు రాసిన లెక్క ప్రకారమే వండానమ్మా, చిల్లర తేడా లేదు" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, తన తప్పేం లేదని చెప్పుకోవడం. ఆ మాటకి నాకు చచ్చేంత సిగ్గేసింది.

మర్నాడు గడప గడపకీ వెళ్ళి క్షమించమని అడిగాను. అందరూ కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. ఎవరూ ఆ మాట ఎత్తనివ్వలేదు. ఆ తర్వాత ఊళ్ళో ఏ శుభకార్యం జరిగినా నాకు పిలుపు వచ్చేది. వెళ్ళేదాన్ని, తినేదాన్ని. ఎవరూ నన్ను వెలివెయ్యలేదు.

చెల్లెలు కూడా ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. పండక్కి వచ్చేది, అతనితో కలిసి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళేది. వారానికోసారి మా స్కూలుకి ఫోను చేసేది. ఫోన్లో బాగానే మాట్లాడేది. ఆరోగ్యం ఎలా ఉంది, ఎండలెలా ఉన్నాయి, ఇలాంటివి. శనివారం సాయంత్రాలు మాత్రం, విజయవాడ బస్సు వచ్చే వేళకి నాకు తెలియకుండానే టీ నీళ్ళు రెండు కప్పులకి పెట్టేదాన్ని. రెండో కప్పు కూడా నేనే తాగేదాన్ని, పారబొయ్యడం ఇష్టం లేక.

రెండేళ్ళు గడిచాయి. వేసవి సెలవులు ఇచ్చిన రోజున, ఇంత పెద్ద సెలవుల్లో ఒక్కదాన్నీ ఇక్కడ కూర్చుని ఏం చెయ్యాలనిపించింది. పెద్ద సంచీ దించి నాలుగు చీరలు సర్దుకున్నాను. తర్వాత ఇంకో రెండు పెట్టాను. చెల్లెలికి ఆవకాయ నేను కలిపితేనే ఇష్టం, అక్కడే ఉండి కలిపి జాడీకెత్తి రావచ్చు అనుకున్నాను. వీధి చివర టెలిఫోను బూత్‌కి వెళ్ళి గుడివాడకి ఫోను చేశాను.

"రేపు పొద్దున బండికి వస్తున్నానే."

"రా అక్కా, రా" అంది. గొంతులో సంతోషం స్పష్టంగా వినిపించింది. "ఎన్ని రోజులుంటావు? పన్నెండో తారీఖున మా ఆడపడుచు వాళ్ళు వస్తున్నారు. గది సర్దుకోవాలిగా, అందుకని అడుగుతున్నా."

గాజు తలుపు అవతల ఎవరో తమ వంతు కోసం నిలబడి ఉన్నారు. "ఎన్ని రోజులేమిటే. సాయంత్రం బండికే వచ్చేస్తాను. పనుంది" అన్నాను. సెలవుల్లో సైన్సు టీచరుకి ఏం పని ఉంటుందని అది అడగలేదు.

ఇంటికొచ్చి చీరలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టేశాను. మర్నాడు చేతిసంచితో వెళ్ళాను. పది దాటేసరికి వాళ్ళింట్లో ఉన్నాను. అతను కొట్టుకి వెళ్ళిపోయాడు. చెల్లెలు గుత్తివంకాయ చేసింది, నాకిష్టమని కందిపచ్చడి రుబ్బింది. పన్నెండున్నరకి వంటింట్లో పీట వేసి, దాని ముందు అరిటాకు పరిచింది. "నీకోసం మార్కెట్టు నుంచి తెప్పించానక్కా" అంది.

"పొద్దున్నే తినేసి బయల్దేరానే. ఆకలి లేదు."

గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. "కాస్తైనా?"

"వద్దులే."

"ఏమైందక్కా? ఎన్ని రోజులుంటావని అడిగినందుకా?" దాని కళ్ళు నిండాయి. "గది కోసం అడిగాను. నేనంత మాట ఏమన్నాను?"

ఏమీ అనలేదు. నాకు తెలుసు. అది గది సర్దడానికే అడిగింది, నేను అన్నం పారెయ్యకూడదనే అడిగినట్టు. దాని మనసులో ఏమీ లేదు. మామ్మగారు ముద్ద దిగదన్న రోజున నేను దాన్ని కోపం అనుకున్నాను, ఊరంతా ఒక్కటై నాకు బుద్ధి చెప్పిందనుకున్నాను. కోపమైతే ఎంత బావుండును, కాసేపు పోట్లాడుకుని కూర్చుని తినేయొచ్చు. ఆ ఆకు ముందు కూర్చోవాలని నాకూ ఉంది. పొద్దున్నుంచి నిజంగా ఏమీ తినలేదు. కందిపచ్చడి వాసనకి నోరూరుతోంది. అయినా కాళ్ళు పీట వైపు కదల్లేదు.

"నువ్వేమీ అనలేదే. నిజంగానే ఆకలి లేదు" అన్నాను.

చెల్లెలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వడ్డించని ఆకు ఎత్తి గోడకి ఆనించి, పీట పక్కకి జరిపింది. "సరేలే అక్కా. ఇంకోసారి వచ్చినప్పుడు తిందువుగాని" అంది. ఎప్పుడొస్తావని మాత్రం అడగలేదు.